మెడ వెనక రెండు చుక్కలు

నాపరాయి ఎట్ల చీలుతుందో నాకు తెలుసు.
తాడిపత్రిలో, పాలిష్ ఫ్యాక్టరీలో,
ఆరేండ్లుగా బిల్లులు రాస్తాండా.
ఉలి అంచును పొర మీద ఆనించి
ఒక్క దెబ్బ. గట్టిగా కాదు, సరైన చోట.
బండ రెండు రొట్టెలై విడిపోతుంది.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర
సెల్‌ఫోన్ల అంగడి పైన, మిద్దె మీద గదిలో
ఖలందర్ నా జుట్టు పైకెత్తి క్లిప్పు పెట్టి
మెడ వెనక ఊదా పెన్నుతో రెండు చుక్కలు పెట్టినాడు.
"చెవి మాదిరి ఇట్ల దూరి అట్ల పోదక్కా ఇది.
తోలు కిందనే పాకి, మళ్ళీ పైకి తేలుతుంది."
నాకు బండ పొర గుర్తొచ్చింది.
"ఊపిరి వదులు" అన్నాడు.
వదిలేలోపే
లోపల ఎవరో కాగితం సన్నగా చించినట్టు.
తర్వాత వేడి.
తర్వాత నిమ్మకాయ సోడా, వాడే తెప్పించినాడు పాపం.

టైటానియం కడ్డీ, స్టేప్లర్ పిన్ను మాదిరి వంగింది.
రెండు కొసలకు ఆవగింజలంత గుండ్లు.
పద్దెనిమిది నూర్లు.
ఎందుకంటే ఏం చెప్పేది?
చెవులు కుట్టించినప్పుడు నాకు పదకొండు నెలలంట,
ముక్కుకు ఏడేండ్లు.
ఆ రెండుసార్లూ నన్నెవరూ అడగలా.
ఈసారి అడిగింది నేనే, సరేనన్నదీ నేనే.

ముందు ఆలోచించని సంగతి ఒకటుండాది:
మెడ వెనక నాకు కండ్లు లేవు.

అట్ల వచ్చింది సుంకులక్క.
మిషను కాడ పొద్దంతా బండలు నున్నగా చేసే మనిషి,
రెప్పల మీద కూడా రాతిపొడి.
సాయంత్రం షిఫ్టు దిగి
చేతులు మూడుసార్లు సబ్బేసి తోముకొని
నా వెనక స్టూలు లాక్కొని కూచునేది.
"పసుపు అద్దుదామా?"
వద్దన్నాడక్కా.
"వేపనూనె?"
అదీ వద్దన్నాడు.
"ఉత్త ఉప్పునీళ్ళకేనే పద్దెనిమిది నూర్లు!"
అంటానే దూదిని తడిపి
పక్కు నానేదాకా ఒత్తిపట్టుకొనేది, పీకకుండా.
ఆమె మోచేతి కింద పచ్చబొట్టు తేలు
నా భుజం పక్కన కదిలేది.
అది పొడిపించుకున్న దినం
జొరమొచ్చి రెండు దినాలు గంజి తాగిందంట,
తేలు ఎందుకు కావాలనిపించిందో ఇప్పటికీ తెలీదంట.

బోర్లా పండుకోవడం నేర్చుకుంటి.
జడ పోయి ముడి వచ్చె. చున్నీ పెట్టెలోకి పోయె.
పామిడి బస్సులో ఎవరిదో సంచి పట్టీ తగులుకొని
కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి గానీ
ఏమైందమ్మా అంటే, దుమ్ము అన్న్యా.
మా ఊర్లో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

రెండో నెలకు వాపు దిగింది.
మూడో నెలలో ఫోటో తీసి చూపిచ్చింది అక్క:
నా మెడంట అది. దానిమీద రెండు మెరుపులు.
ఎవరిదో అన్నట్టు చానాసేపు చూసినా.

నాలుగో నెల,
దూది పట్టుకున్న చెయ్యి ఆగింది.
"కింది గుండు కాడ తోలు పలచనయింది పాపా.
కడ్డీ నీడ కనపడతాంది.
తుమ్మముల్లు ఇరిగితే ఇంతే,
తియ్యకపోయినా దానంతటదే పైకొస్తుంది."
నేనేమీ మాట్లాడలా.
అవతల రంపం బండను కోస్తాండాది.

ఖలందర్ ఒక్క నిమిషంలో తీసేసినాడు.
డబ్బులు తీసుకోలా.
కడ్డీని చిన్న కవర్లో వేసి ఇచ్చినాడు,
మందుల షాపులో బిళ్ళలు ఇచ్చినట్టు.
అది ఇప్పుడు నా టేబుల్ సొరుగులో
గుండుసూదుల డబ్బా పక్కన ఉండాది.

ఉప్పునీళ్ళ పని అయిపోయింది.
అయినా సుంకులక్క షిఫ్టు దిగి
చేతులు మూడుసార్లు కడుక్కొనే వస్తాది.
జుట్టు పక్కకు తోసి
మచ్చల మీద వేలు పెట్టి చూస్తాది,
ఒగటి,
రెండు.
"ఉండాయిలే" అని
టీ తాగను పోతాది.